పడేసింది నేనే

మా ఇంట్లో ఏదైనా కింద పడి చప్పుడైతే వెంటనే వినిపించే మాట "ఎవరది?". ఏం పడింది, ఎవరికైనా తగిలిందా అన్నవి తర్వాత. ఎక్కువసార్లు ఆ కేక వేసేది నేనే. పిల్లలున్న ఇల్లు అదుపులో ఉండాలంటే ఆ మాత్రం గొంతు ఉండాలని ఇన్నేళ్ళూ అనుకున్నాను. పోయిన దసరా ముందు మా హార్డ్ డిస్క్ పడ్డాక ఆ అభిప్రాయం మార్చుకున్నాను. ఈసారి పడేసింది నేను కాబట్టి.

సుచిత్ర చుట్టుపక్కల ఉండేవాళ్ళకి దుమ్ము గురించి చెప్పక్కర్లేదు. హైవే మీద ఫ్లైఓవర్ పనులు మొదలైనప్పటి నుంచి, పొద్దున తుడిచిన టీవీ స్టాండ్ మీద సాయంత్రానికి వేలితో పేరు రాసుకోవచ్చు. బతుకమ్మ పండగ ముందు శనివారం ఇల్లు దులిపి తుడుస్తున్నాను. మావాడు టీవీకి హార్డ్ డిస్క్ తగిలించి ఏదో సినిమా పెట్టుకుని, సగంలో వదిలేసి కిందికి క్రికెట్‌కి పోయాడు. సినిమా దాని మానాన అది నడుస్తోంది. డిస్క్ స్టాండ్ అంచు మీద ఉంది, వైరు సగం గాల్లో వేలాడుతోంది. మాప్ కర్ర ఆ వైరుకి తగిలింది. మూడడుగుల ఎత్తు నుంచి టైల్స్ మీద పడింది.

తీసి, చీర కొంగుతో తుడిచి, మళ్ళీ గుచ్చాను. రెండు నిమిషాలు ఏమీ లేదు. తర్వాత ఫోల్డర్లన్నీ వచ్చాయి, సినిమా కూడా ఆడింది. అమ్మయ్య అనుకున్నాను. చుట్టూ చూశాను. ఎవరూ లేరు. డిస్క్‌ని ఈసారి గోడ వైపుకి జరిపి పెట్టి, మిగతా హాలు తుడుచుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదంటే, పనిచేస్తోంది కదా అని ఒకటి. రెండోది అసలు కారణం. కంప్యూటరు, ఇంటర్నెట్టు, ఈ డిస్కులు అన్నీ మా ఆయన శాఖ. నా వంటింట్లో ఆయన గిన్నె మాడిస్తే నేనెంత మాట్లాడతానో, ఆయన వస్తువు నేను పడేస్తే ఆయనా అంతే మాట్లాడతారు. పండగ ముందు ఆ గొడవ ఎందుకులే అనుకున్నాను.

ఆ డిస్క్‌లో ఏముందో కూడా చెప్పాలి. సినిమాలు, పాటలు సరే. మా పెళ్ళి వీడియో ఉంది. మొదట అది క్యాసెట్, తర్వాత సీడీలు, చివరికి ఈ డిస్క్‌లో చేరింది. క్యాసెట్‌కి బూజు పట్టిందని ఇల్లు మారినప్పుడు పారేశాం. పిల్లల పుట్టినరోజులు, స్కూలు డ్యాన్సులు, మా మామయ్యగారు ఉన్న వీడియోలు. ఆయన 2018లో పోయారు. ఇవి కాక పాత ఆల్బముల స్కాన్లు. 2020 అక్టోబరు వానలకి మా దగ్గర్లోని ఫాక్స్ సాగర్ నిండి ఉమామహేశ్వర కాలనీ మునిగింది గుర్తుందా? ఆ కాలనీలో నా స్నేహితురాలి ఇంట్లోకి నీళ్ళొచ్చి రోజుల తరబడి తియ్యలేదు. బీరువా కింది అరలో పెట్టిన ఆల్బములు అప్పడాల్లా ఉబ్బి, ఫొటోలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. విడదీస్తే మొహాలు ఊడి వచ్చేవి. అది చూసి వచ్చాక మా ఆయన నెల రోజులు కూర్చుని మా ఆల్బములన్నీ స్కాన్ చేసి ఈ డిస్క్‌లో పెట్టారు. కాగితం తడిస్తే పోతుంది, ఇదైతే భద్రం అని.

బుధవారం రాత్రి మా ఆయన ఏదో కాగితం కోసం డిస్క్‌ని లాప్‌టాప్‌కి పెట్టారు. ఫోల్డర్ తెరుచుకోవడానికి ఎప్పుడూ లేనంత సేపు పట్టింది. ఇంకేముంది, తొమ్మిదో తరగతి చదివే మావాడిని పిలిచారు. "పడేశావా? ఎన్నిసార్లు చెప్పాలి నీకు దాంతో ఆడొద్దని?" వాడు లేదన్నాడు. "మరి దానంతటదే అయ్యిందా?" వాడు ఇంకోసారి లేదని, తర్వాత మాట్లాడటం మానేసి నేల చూస్తూ నిలబడ్డాడు. నేను వంటింట్లో చపాతీలు వత్తుతున్నాను. రెండు చపాతీల సేపు నోరు మెదపలేదు. ఈ బ్లాగులో నా గురించి చాలా రాసుకున్నాను కానీ ఆ రెండు చపాతీల గురించి రాయడం కష్టంగా ఉంది. మూడోది పెనం మీద వదిలేసి వెళ్ళి చెప్పాను. "పడేసింది నేనే. శనివారం."

మా ఆయన నన్నేమీ అనలేదు. అంటే బాగుండేది. మావాడు నా వైపు ఒకసారి చూసి గదిలోకి పోయి తలుపేసుకున్నాడు.

తర్వాత ఏం చెయ్యాలో మా ఇద్దరికీ తెలియదు. ఆయన ఆఫీసులో ఎవరో చెప్పారని డిస్క్ మొత్తం చెక్ చేసి రిపేరు చేసే కమాండ్ ఒకటి మొదలుపెట్టబోయారు. అదృష్టం బాగుండి నేను మా అక్క కొడుక్కి ఫోన్ చేశాను. వాడు కంపెనీల సర్వర్లు చూసుకునే ఉద్యోగంలో ఉన్నాడు. "పిన్నీ, బాబాయిని దాన్ని ముట్టుకోవద్దని చెప్పు" అన్నాడు ముందు. తర్వాత ఓపిగ్గా చెప్పాడు. నాకర్థమైనట్టు చెప్తాను.

ఈ డిస్క్ లోపల అద్దంలాంటి గుండ్రటి పళ్ళేలుంటాయి. మామూలు పోర్టబుల్ డిస్క్‌లో అవి నిమిషానికి 5400 సార్లు, అంటే సెకనుకి 90 సార్లు తిరుగుతాయి. వాటి మీద చదివే హెడ్ అని ఒకటి ఆనీ ఆనకుండా తేలుతుంటుంది. మధ్య ఖాళీ కొన్ని నానోమీటర్లే. మన తల వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా ఉండదు. డిస్క్ ఆపి ఉన్నప్పుడు ఆ హెడ్ పళ్ళెం మీది నుంచి పక్కకి జరిగి తన చోట కూర్చుంటుంది. అప్పుడు పడితే బతికే అవకాశం ఎక్కువ. నడుస్తుండగా పడితే హెడ్ వెళ్ళి పళ్ళేనికి తగలొచ్చు. తగిలిన చోట గీత పడొచ్చు, పొడి రేగొచ్చు. ఆ పొడి మీద మళ్ళీ హెడ్ నడిస్తే గీత ఇంకా పెరుగుతుంది. అంటే పడినప్పుడు అయిన నష్టం ఒకటి, పడిన తర్వాత మనం రోజూ సినిమాలు చూసి పెంచిన నష్టం ఇంకొకటి. నేను దాచిన నాలుగు రోజులూ రాత్రి పూట అందరం కూర్చుని దాంట్లోనే చూశాం.

డిస్క్ ఆరోగ్యం చూసే పద్ధతి ఉంది. డిస్కులు తమ గురించి తామే కొన్ని లెక్కలు రాసుకుంటాయి, దాన్ని స్మార్ట్ అంటారు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్‌ఫో అనే ఉచిత ప్రోగ్రాం వేసుకుంటే ఆ లెక్కలన్నీ చూపించి, బాగుంటే నీలం రంగులో గుడ్ అని, అనుమానముంటే పసుపు రంగులో కాషన్ అని, చెడితే ఎరుపులో బ్యాడ్ అని వేస్తుంది. ఆ పట్టీలో ముఖ్యంగా చూడాల్సినవి మూడు. పాడైన చోటు వదిలేసి వేరే చోటుకి మార్చుకున్న లెక్క, చదవలేక పెండింగ్‌లో పెట్టిన సెక్టార్ల లెక్క, ఇక సరిచేయలేనని తేల్చిన లెక్క. మూడూ సున్నా ఉండాలి. కొన్ని డిస్కుల్లో దెబ్బ తగిలిన లెక్క రాసుకునే వరుస కూడా ఉంటుందట. మా దాంట్లో లేదు. ఉంటే నేను చెప్పకపోయినా అదే చెప్పేసేది!

మాది నీలం రంగులో వచ్చింది. గుడ్. మూడూ సున్నాలే. మా ఆయన మొహం వెలిగింది. "చూశావా, ఏం కాలేదు, అనవసరంగా భయపడ్డాం" అన్నారు. నేనూ గాలి పీల్చుకున్నాను. ఫోన్‌లో మా అక్క కొడుకు మాత్రం ఒప్పుకోలేదు. "అది చదివి చూసిన చోట బాగుందని అర్థం పిన్నీ. ఇంకా చదవని చోట ఏముందో దానికీ తెలీదు. రిపోర్టు సంగతి తర్వాత, ముందు కాపీ చెయ్యండి."

ఈ మాట దగ్గర ఆగి నా అభిప్రాయం చెప్పాలి. మనం చాలామందిమి పరీక్ష చేయించి, బాగుందని రాగానే పనైపోయిందనుకుంటాం. పడ్డ డిస్క్ విషయంలో ఆ వరస తప్పు. కాపీ ముందు, పరీక్ష తర్వాత. వాడి మాట మీద నేను ఇంటర్నెట్‌లో వెతికి చదివాను. గూగుల్ ఇంజనీర్లు 2007లో తమ దగ్గర వాడిన లక్షకు పైగా డిస్కుల లెక్కలు తీసి ఒక పరిశోధన పత్రం వేశారు. పాడైపోయిన డిస్కుల్లో 56 శాతానికి పైగా, పోయేముందు ఆ ముఖ్యమైన హెచ్చరిక లెక్కలు నాలుగింటిలో ఒక్కటి కూడా చూపించలేదట. వేడి తప్ప మిగతా లెక్కలన్నీ కలుపుకున్నా 36 శాతానికి పైగా అన్నీ సున్నాలతోనే పోయాయి. అదే పత్రంలో ఇంకోటి ఉంది. డిస్క్ ఉపరితలం పరీక్షలో మొదటి తప్పు బయటపడ్డ డిస్క్, ఏ తప్పూ లేనిదానితో పోలిస్తే 60 రోజుల్లోపు పోయే అవకాశం 39 రెట్లు ఎక్కువ. అవి చల్లటి గదుల్లో కదలకుండా ఉండే డిస్కులు, మాప్ కర్ర తగిలినవి కావు. వాటి సంగతే అలా ఉంటే మాదెంత? అందుకే చెడు రిపోర్టు వస్తే నమ్మండి. మంచి రిపోర్టు వస్తే మాత్రం, కాపీ చేసుకోవడానికి ఇంకొంచెం టైం దొరికిందనే అనుకోండి.

కాపీ చెయ్యడానికి లాప్‌టాప్‌లో చోటు లేదు. ఆ రాత్రి డిస్క్ తీసేసి పక్కన పెట్టి, మర్నాడు ఆయన ఆఫీసు నుంచి వస్తూ కొత్తది కొనుక్కొచ్చారు. అప్పుడు మా అక్క కొడుకు ఇంకో ప్రశ్న అడిగాడు. "అన్నీ ఒకేసారి లాగొద్దు. మళ్ళీ దొరకనివి ఏవి? అవి ముందు."

ఇరవై రెండేళ్ళ కాపురంలో అంత మంచి ప్రశ్న మమ్మల్ని ఎవరూ అడగలేదు. డైనింగ్ టేబుల్ చుట్టూ కూర్చున్నాం. మా ఆయన ఫ్లాటు డాక్యుమెంట్ల స్కాన్లు అన్నారు. అసలు కాగితాలు బీరువాలో ఉన్నాయి కదా అన్నాను. సర్టిఫికెట్లు? అవీ ఉన్నాయి. ఆల్బములు అత్తయ్య దగ్గర ఇంకా ఉన్నాయి కాబట్టి స్కాన్లు రెండో వరస. పెళ్ళి వీడియో మొదటి వరస, క్యాసెట్ పారేశాం కనుక. సినిమాలు చివర, అసలు వద్దు. మావాడు గది తలుపు తీసుకుని వచ్చి కూర్చున్నాడు, నాతో మాట్లాడలేదు కానీ తన స్కూలు నాటకం పేరు చెప్పాడు. హాస్టల్లో ఉన్న మా అమ్మాయికి ఫోన్ చేస్తే క్షణం కూడా ఆలోచించలేదు. "తాతయ్య సైకిల్ వీడియో."

అది 2016లో తీసింది. మా సందులో మామయ్యగారు దానికి సైకిల్ నేర్పిస్తున్నారు. వెనక సీటు పట్టుకుని పరిగెడుతూ "పట్టుకున్న తల్లీ, పట్టుకున్న" అంటుంటారు. వీడియోలో మాకు కనిపిస్తుంది, ఆయన ఎప్పుడో వదిలేసి నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడి కూడా అదే మాట అంటున్నారు. ఆయన గొంతు మా దగ్గర ఇంకెక్కడా అంత బాగా లేదు.

పెళ్ళి వీడియో వచ్చింది. 2014, 2015 వచ్చాయి. 2016 ఫోల్డర్ మధ్యలో కాపీ ఆగిపోయింది. మళ్ళీ ఆ ప్రోగ్రాం తెరిచి చూస్తే పసుపు రంగు. పెండింగ్ సెక్టార్ల దగ్గర నిన్న ఉన్న సున్నా లేదు. దాన్ని వదిలేసి తర్వాతి సంవత్సరాలు లాగమన్నాడు మా అక్క కొడుకు. లాగాం, చాలావరకు వచ్చాయి. వెనక్కి వచ్చి 2016 రెండోసారి మొదలుపెట్టగానే లోపలి నుంచి టక్, టక్ అని శబ్దం. "తీసెయ్యండి. ఇంక ఇంట్లో ఏమీ చెయ్యొద్దు. విప్పి చూడొద్దు, ఫ్రిజ్‌లో పెట్టడం లాంటి యూట్యూబ్ వైద్యాలు అసలే వద్దు" అన్నాడు.

శనివారం ఇద్దరం పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్ళాం. అదే, మనందరం సీటీసీ అనే చోటు. డేటా రికవరీ బోర్డులున్న కొట్లు చూసుకుంటూ వెళ్ళి ఒకచోట ఆగాం. అతను డిస్క్ చేతిలోకి తీసుకుని, తలెత్తకుండా స్లిప్పు మీద రాసుకుంటూ అడిగాడు. ఎప్పుడు పడింది? నడుస్తోందా, ఆఫ్‌లో ఉందా? ఎంత ఎత్తు నుంచి? తర్వాత ఎన్నిసార్లు కనెక్ట్ చేశారు? శబ్దం ఎప్పటి నుంచి?

నేనే జవాబులు చెప్పాను, ఉన్నదున్నట్టు. నాలుగు రోజులు టీవీకి వాడామన్నప్పుడు కలం ఒక్క క్షణం ఆగింది, మళ్ళీ రాసుకున్నాడు. కొంచెం ముందొస్తే బాగుండేదని మాత్రం అన్నాడు. ఎవరు పడేశారని అడగనే లేదు. అతని పనికి ఆ సంగతితో అవసరమే లేదు మరి.

బస్సులో తిరిగి వస్తుంటే బోయిన్‌పల్లి దాటేదాకా నాకదే ఆలోచన. మా ఇంట్లో ఏదైనా పాడైనప్పుడు ఆ కొట్టతను అడిగినవన్నీ వదిలేసి, అతను అడగని ఒక్కటే అడుగుతాం. దానికి జవాబు దొరికితే విషయం తేలిపోయినట్టు. బుధవారం రాత్రి మా ఆయనకి జవాబు దొరికింది కూడా, తప్పుడు జవాబు. ఒకవేళ నిజంగా మావాడే పడేసి ఉన్నా, మేం వాడిని తిట్టి, పడుకుని, గురువారం రాత్రి మళ్ళీ సినిమా పెట్టుకునేవాళ్ళం.

ఇది చెప్తే మా పక్క ఫ్లాట్ ఆంటీ ఒప్పుకోలేదు. భయం లేకపోతే పిల్లలకి వస్తువు విలువ తెలియదంది. పిల్లల్ని పెంచిన మనిషి, తీసిపారేసే మాట కాదు. కానీ ఆలోచిస్తే, మా డిస్క్ పడింది భయం లేక కాదు. వైరు గాల్లో వేలాడటం వల్ల. ఆ వైరు అలా వేలాడటం నేను, మా ఆయన, పిల్లలు అందరం ఏడాదిగా చూస్తున్నాం. భయం పనిచేసింది ఒక్కచోటే, నలభై అయిదేళ్ళ దాన్ని నేనే నోరు మూసుకునేలా చెయ్యడంలో. ఇంక తొమ్మిదో తరగతి పిల్లాడి సంగతి చెప్పాలా.

ఇంకో మాట ఆడవాళ్ళకి. ఇది ఆయన శాఖ, అది నా శాఖ అని పంచుకోవడం పనులకి బాగానే ఉంటుంది. ఇంటి జ్ఞాపకాలకి మాత్రం పనికిరాదు. ఆ డిస్క్‌లో ఏ ఫోల్డర్ ఎక్కడుందో నాకు తెలియదు, రెండో కాపీ లేదన్న సంగతి అంతకన్నా తెలియదు. ఉందనుకున్నాను. ఆయన ఫొటోలన్నీ గూగుల్‌లో కూడా ఉన్నాయనుకున్నారు. అక్కడ ఉచితంగా ఎన్నైనా దాచుకునే రోజులు 2021 జూన్ 1తోనే పోయాయి, ఇప్పుడు మెయిళ్ళతో కలిపి 15 జీబీ. అది ఎప్పుడో నిండిపోయి ఫొటోలు ఎక్కడం ఆగిపోయింది, ఎవరం చూసుకోలేదు.

పదిహేను రోజుల తర్వాత సీటీసీ నుంచి ఫోన్ వచ్చింది. డిస్క్ కొన్న ధర కంటే ఎక్కువే అయ్యింది. 2016లో చాలావరకు వచ్చాయి. సైకిల్ వీడియో పేరు కనిపించింది, సైజు కనిపించింది, నొక్కితే పదకొండు సెకన్లు ఆడి ఆగిపోయింది. అప్పటికి మా అమ్మాయి ఇంకా సైకిల్ ఎక్కలేదు, మామయ్యగారు సీటు ఎత్తు సరిచేస్తున్నారు.

ఆ రాత్రి మా ఆయన చుట్టాల గ్రూపులో అడిగారు. నిజామాబాద్‌లో ఉండే వాళ్ళ మేనత్త, మామయ్యగారి చెల్లెలు, పాత ఫోన్ మార్చలేదు. ఎప్పుడో ఈయనే పంపిన వాట్సాప్ వీడియో ఆమె దగ్గర ఉంది. చిన్నది, మసక, మొహాలు సరిగా కనిపించవు. కానీ మొత్తం ఉంది. హాల్లో టీవీలో పెట్టుకుని చూశాం. మావాడు వచ్చి నా పక్కన కూర్చున్నాడు. వాడికి నేను అంతకు ముందే సారీ చెప్పాను, ఆ సంగతి ఇక్కడ రాయొద్దన్నాడు కాబట్టి రాయడం లేదు.

ఇప్పుడు మా దగ్గర రెండు డిస్కులున్నాయి. ఒకటి టీవీకి కాదు, దేనికీ పెట్టం, కాపీ చేసే రోజు తప్ప. రెండోది సిద్దిపేటలో మా అమ్మ బీరువాలో ఉంది. మా ఇంట్లోకి నీళ్ళొచ్చినా, మా ఇంట్లో నేనున్నా దానికేం కాకూడదని. సంక్రాంతికి, మళ్ళీ దసరాకి వెళ్ళినప్పుడు కొత్తవి దాంట్లో వేసి, తెరుచుకుంటున్నాయో లేదో అక్కడే నాలుగు ఫైళ్ళు నొక్కి చూసి వస్తాం. మొదటిసారి ఇచ్చినప్పుడు అమ్మ దాన్ని పాత నూలు చీర ముక్కలో చుట్టి, పట్టుచీరల మధ్య పెట్టింది. బీరువా తాళం వేస్తూ అడిగింది. "దీనికి నడుమ నడుమ చార్జింగ్ పెట్టాల్నా బిడ్డా?"